బోర్డుకు ముందు గడియ

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారు బడిపంతులుగా పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యారు. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి అమెరికాలో స్థిరపడ్డారు. అత్తగారి నాటి మండువా ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. మొన్నటి వానల్లో ఒక ముసలావిడ మా అరుగు మీద తలదాచుకుంది. ఒక పాత చీర ఇచ్చి, ఇంత అన్నం పెట్టాను. ఇక వెళ్లలేదు. ఆ వారంలోనే కొండ మీది సవర దంపతులు బిడ్డను పెద్దాసుపత్రిలో చేర్చి, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియక మా వీధిలో తచ్చాడుతుంటే మావారు లోపలికి పిలిచారు. అప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. వీధివైపు హాలులో (24 అడుగులు, 15 అడుగులు ఉంటుంది) ఇరవై మంచాలు వేసి, మా అత్తగారి పేరున నిరాశ్రయులకు ఆశ్రమం పెడదామంటారు. బోర్డు రాయడానికి పెయింటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఇంట్లో మా మరిదికి సగం వాటా ఉంది. వీధిలోవాళ్లు 'రకరకాల మనుషులు వస్తారు' అని గొణుగుతున్నారు. నాకు ఇష్టం లేక కాదు, భయం. అర్ధరాత్రి తలుపు కొడితే ఎవరిని రమ్మనాలి, ఎవరిని కాదనాలి? భయమంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మాస్టారి ఉత్సాహం కన్నా మీ ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. ఎవరిని కాదనాలి అని ఆశ్రయం పెట్టేవాళ్లు సాధారణంగా చివర అడుగుతారు, అదీ ఏదో ఒకటి జరిగిపోయాక. మీరు ముందే అడిగారు. అందుకని నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు చేర్చుకోలేని వాళ్లెవరు, వాళ్లను ఆ రాత్రే ఎక్కడికి పంపాలి అన్నది కాగితం మీద రాసుకున్నాకే తలుపు తెరవండి. 'కాదు' అన్న తర్వాత ఏం చేయాలో తెలియకపోతే ఎవరినీ కాదనలేరు. అందరినీ రానిస్తారు, ఆరు నెలల్లో మూసేస్తారు.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. విశాఖలో నిరాశ్రయుల రాత్రి బస ఒకదానిలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. రెండో ఏడాదిలో ఒక పిల్లవాడు వచ్చాడు. పన్నెండు, పదమూడేళ్లు ఉంటాయి. 'ఎవరికీ చెప్పొద్దు, చెబితే పారిపోతాను' అన్నాడు. నేను జాలిపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజున తండ్రి వచ్చాడు. నాలుగు రోజులుగా స్టేషన్లన్నీ తిరిగి, కాళ్లు వాచిపోయి ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బాలన్యాయ చట్టం (2015) ఏం చెబుతుందో అప్పుడు చదివాను. తప్పిపోయినట్టో, దిక్కులేనట్టో ఉన్న పిల్ల గాని పిల్లవాడు గాని కనిపిస్తే, ప్రయాణానికి పట్టే సమయం పోగా 24 గంటల్లో చైల్డ్‌లైనుకో పోలీసులకో బాలల సంక్షేమ సమితికో తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల దాకా జైలు గాని, పదివేల జరిమానా గాని, రెండూ గాని ఉండవచ్చు. కాబట్టి ఒంటరిగా వచ్చిన పిల్లలను ఆ రాత్రికి కూర్చోబెట్టండి, తినడానికి పెట్టండి, వాళ్ల ఎదుటే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి. చాటుగా చేయవద్దు. పిల్లలకు మోసం ఇట్టే తెలిసిపోతుంది.

రెండో రకం, మనసు చెదిరి రోడ్ల మీద తిరిగేవాళ్లు. తమలో తాము మాట్లాడుకుంటూ ఒక మూల కూర్చునే మనిషి మీ హాలులో నిద్రపోగలడు, ఆయన గురించి కాదు. తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలించే స్థితిలో ఉన్నవాళ్ల గురించి చెబుతున్నాను. అది మీ చేతిలో పని కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఈ బాధ్యతను స్టేషన్ ఆఫీసరు మీద పెట్టింది. ఆ మనిషిని లాకప్పులో ఉంచకుండా 24 గంటల్లో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. ఇల్లూ వాకిలీ లేనివారైతే తప్పిపోయిన మనిషిగా కేసు రాసి, బంధువులను వెతకాలి. అర్ధరాత్రి వెళ్లి చట్టం సంగతి చెబితే విసుక్కునే మాట నిజమే. అందుకే ఇంకా ఎవరూ రాకముందే, ఒక పగటిపూట, మాస్టారు వెళ్లి స్టేషన్లో పరిచయం చేసుకోవాలి. ఆయన దగ్గర చదువుకున్న కానిస్టేబులు ఒక్కడైనా ఉండకపోడు. మానసిక ఆరోగ్య సలహా చెప్పే టెలి మానస్ నంబరు 14416 కూడా గోడ మీద రాసి ఉంచండి.

జ్వరంతో వణుకుతున్నవాళ్లూ, రక్తం కక్కుకుంటున్నవాళ్లూ నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి, మీ మంచం మీదికి కాదు. ఇంట్లో దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడపిల్లను మాత్రం కాదనవద్దు. కానీ భర్త మీ తలుపు వెతుక్కుంటూ వస్తాడని అనుకుని ఉండండి. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేసి, ఫలానా రాత్రి ఫలానా వేళకు చెప్పామని, వచ్చినవాళ్ల వివరాలు రాసే మీ పుస్తకంలో రాసుకోండి.

ఇక అరుగు మీది ముసలావిడ. అమ్మా, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. రెండు పేజీల ఉత్తరంలో పెట్టబోయే ఆశ్రమానికి పేరు ఉంది, మీ హాలు పొడవూ వెడల్పూ ఉన్నాయి, ఆవిడ పేరు మాత్రం లేదు. ఈపాటికి మీరు అడిగే ఉంటారు, రాయడం మరిచిపోయి ఉంటారు. ఆవిడది ఏ ఊరన్నది చాలా అవసరం. మీ ఊరు దాటి పాతపట్నం వైపు అడుగు పెడితే రాష్ట్రమే మారిపోతుంది. ఆవిడది శ్రీకాకుళం జిల్లా అయితే అక్కడ పింఛను ఉండవచ్చు. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు, ఒకటో తేదీన ఇంటి దగ్గరికే వచ్చి ఇస్తారు. ఆవిడ మీ అరుగు మీద ఉండిపోతే ఆ డబ్బు ఎవరి చేతిలో పడుతోంది? ఎవరో ఒకరు పుచ్చుకుంటూ ఉండవచ్చు, లేదా ఎవరికీ అందకుండా ఉండవచ్చు. ఒడిశా మనిషైతే మధుబాబు పింఛను సంగతి మున్సిపాలిటీలో అడగాలి. కన్నవాళ్లను వదిలేసిన పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది, ట్రిబ్యునలు ఉంది. నేను చూసిన ముసలివాళ్లలో కొడుకు మీద కాగితం పెట్టడానికి ఒప్పుకున్నవాళ్లు నలుగురైదుగురికి మించరు. ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి. వృద్ధుల సహాయ నంబరు 14567 వాళ్లు ఊరికే మాట్లాడి కూడా కొంత సర్దుబాటు చేస్తారు.

ఎలా చూసినా ఆవిడ ఇప్పుడు మీ ఇంటి మనిషి కింద లెక్క. ఆవిడకు మీరు చేస్తున్నది ఒక పని, మాస్టారు చేయదలచుకున్నది ఇంకో పని. ఒకరిని చేరదీయడం వేరు, రాత్రి బస నడపడం వేరు, వృద్ధాశ్రమం వేరు. మూడూ ఒకే హాలులో పెట్టారంటే ఏదీ నిలవదు. చివరికి నలుగురు ముసలివాళ్లు శాశ్వతంగా నాలుగు మంచాలు పట్టుకుంటారు. పొద్దుపోయాక వచ్చినవాడికి మళ్లీ అరుగే దిక్కు.

మంచాలంటే గుర్తొచ్చింది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మంచం 18 చదరపు అడుగులు. ఇరవై వేస్తే సరిగ్గా 360. మీ హాలు కూడా 360. కాలు పెట్టడానికి చోటుండదు. మాస్టారు లెక్కలు చెప్పినవారు కాదనుకుంటాను. పట్టణ జీవనోపాధి మిషన్ కింద నిరాశ్రయుల ఆశ్రయాలకు కేంద్రం పెట్టిన కొలత మనిషికి 50 చదరపు అడుగులు. ఆ లెక్కన మీ హాలులో ఏడుగురు. ఏడుగురే చాలు. నన్నడిగితే ఆరుగురితో మొదలుపెట్టి, ఏడో చోటు ఖాళీగా ఉంచండి. తుపాను రాత్రులుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ జిల్లా పడిన అవస్థ మీకు నేను చెప్పాలా?

అసలు ఏడుగురైనా ఉన్నారా, లేక డెబ్బై మందా? ముందు లెక్కపెట్టండి. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. రోడ్డు పక్కన, తూములలో, మెట్ల కింద, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్లంతా ఆ లెక్కలోకి వచ్చారు. మీరూ అదే చేయండి. పదకొండు దాటాక మాస్టారు, ఇంకొకరు తోడుగా, వరుసగా ఏడు రాత్రులు ఒకే దారిన తిరగాలి. రైల్వే స్టేషను, బస్టాండు, ఆసుపత్రి వరండా, సంత జరిగే చోటు, గుళ్లు. టార్చి మొహం మీద వేయవద్దు. ఎవరినీ లేపవద్దు. సోమవారం రాత్రీ సంత రోజు రాత్రీ ఒకలా ఉండవు, అందుకే ఏడు. పర్లాకిమిడి పెద్ద ఊరేం కాదు. నా ఊహలో మీకు ఎదురయ్యేవాళ్లలో ఎక్కువమంది నిరాశ్రయులే కారు. గుమ్మ నుంచో, నువాగడ నుంచో, ఆర్. ఉదయగిరి నుంచో రోగిని తెచ్చి, లోపల మంచం పక్కన ఒక్కరికే చోటు దొరికి, మిగిలినవాళ్లు బయట పడుకున్నవాళ్లు. వాళ్లకు ఇల్లుంది, ఈ ఊళ్లో రాత్రికి చోటే లేదు. మీ హాలుకు నడిచి రాగలిగేదీ వాళ్లే. ఆ లెక్క చేతికొచ్చాక మున్సిపాలిటీకి వెళ్లండి. ఊళ్లో ఇప్పటికే ఏ ఆశ్రయం ఉంది, రాత్రికి ఎందరు ఉంటున్నారు, ఇప్పుడు ఏ పథకం కింద నడుస్తోందో అడగండి. అక్కడ సగం మంచాలు ఖాళీగా ఉంటే, మీరు కొత్తది పెట్టడం కన్నా ఆసుపత్రి నుంచి అక్కడికి రాత్రి పదింటికి ఒక ఆటో నడపడం మేలు కావచ్చు. మాస్టారికి ఇది రుచించదు. బోర్డు ఉండదు కదా.

భాష సంగతి. మీది గిడుగు రామమూర్తి గారు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్న ఊరు. ఆయన సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. మీరు అంత చేయనక్కరలేదు గాని, తలుపు దగ్గర 'ఎవరు, ఎక్కడి నుంచి, ఎన్ని రాత్రులు' అని సవరలో అడగగలిగిన మనిషి ఒకరు ఉండాలి. తెలుగు, ఒడియా వచ్చు కదా చాలునని అనుకోకండి. ఆ రాత్రి మీ ఇంటికి వచ్చిన దంపతులు మీరు అడిగిన ప్రతిదానికీ తల ఊపి ఉంటారు. తల ఊపడం సమాధానం కాదు. కాలేజీలో చదివే సవర కుర్రవాడు ఎవరైనా రాత్రి కాపలాకు దొరికితే జీతమిచ్చి పెట్టుకోండి. ఉచితంగా చేయమని అడగవద్దు. ఉచితంగా వచ్చినవాడు పరీక్షల రోజుల్లో రాడు, మీరు గట్టిగా అడగనూ లేరు.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. రోడ్డు మీద పడుకునే మనిషి చెప్పులు విడిచి తల కింద పెట్టుకుంటాడు. మూటను పొట్టకు ఆనించి, దాని ముడిని చేతికి చుట్టుకుంటాడు. నిద్రలో ఎవరైనా లాగితే మెలకువ వస్తుంది. మా బసకు వచ్చిన కొత్తవాళ్లు మొదట అడిగింది అన్నం కాదు, దుప్పటి కాదు. 'మూట ఎక్కడ పెట్టుకోను?' ఆ మూటలో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, చనిపోయిన భార్య ఫోటో, ఒక్కోసారి అరకిలో బియ్యం. ఒకాయన మూడు వారాలు మూటను పక్కన పెట్టుకుని కూర్చునే నిద్రపోయాడు. తాళం వేసే గూడు ఇచ్చి, తాళంచెవి తాడుకు కట్టి ఆయన మెడలో వేశాం. ఆ రాత్రి పడుకున్నాడు. పెద్ద గురక. మిగిలినవాళ్లు తిట్టుకున్నారు గాని మాకు సంతోషమే. మంచాలకు పెట్టదలచుకున్న డబ్బులో సగం తాళాలున్న గూళ్లకు పెట్టండి. మంచాలు లేకపోయినా చాపలు చాలు.

వంట పెట్టవద్దు. ఈ ఒక్క మాటకు మీ బంధువులు నన్ను తిడతారని తెలుసు. అన్నం పెట్టకుండా ఆశ్రయమేమిటి, డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పుకునే జాతి కదా మనది అంటారు. ఆవిడ ఇంట్లో నిత్యం పొయ్యి ఆరలేదంటే దాని వెనక పొలాలున్నాయి, పనివాళ్లున్నారు. మీకు మోకాళ్ల నొప్పులున్నాయో లేదో మీరు రాయలేదు గాని, ఆ వయసుకు ఉండకపోవు. వంట మొదలైతే ఆశ్రయం కాస్తా అన్నశాల అయిపోతుంది. ఇల్లున్నవాళ్లూ వస్తారు, వాళ్లను కాదనడం ఇంకా కష్టం. ఒడిశాలో 2015 నుంచి ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయల పప్పు) పెట్టే ఆహార్ కేంద్రాలున్నాయి. పగటి భోజనం అక్కడికి వదిలేయండి. రాత్రి వచ్చినవాళ్లకు ఒక గ్లాసు చోడి అంబలి, పొద్దున టీ. అంతే.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి. ట్రస్టుకు అంతమంది అక్కరలేదు, సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు రాయించుకుంటే చాలు. మీకు ట్రస్టే నయం, కానీ మీ ఇద్దరే ధర్మకర్తలుగా ఉండవద్దు. వీధి నుంచి ఒకరు, ఆసుపత్రిలో పనిచేసినవారు ఒకరు ఉండాలి. మీ మరిదిగారి వాటా సంగతి ముందు తేల్చుకోండి. ఆయన నోటితో సరేనంటే చాలదు. ట్రస్టుకు హాలును అద్దెకో ఉచితంగానో ఇస్తున్నట్టు వాటాదారులంతా సంతకం పెట్టిన ఒప్పందం కావాలి. అద్దె ఒప్పందం ఏడాదికి మించితే రిజిస్టరు చేయించాలి. మొదట పదకొండు నెలలకే రాసుకోండి, ఎవరి మనసు మారినా గొడవ లేకుండా తప్పుకోవచ్చు. అమ్మాయి అమెరికా నుంచి పంపే డబ్బు గురించి ఒక జాగ్రత్త. ఆమె ఇంకా భారత పౌరురాలే అయితే, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ట్రస్టుకు పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ముందుగా కేంద్రం అనుమతి లేకుండా ట్రస్టు ఒక్క రూపాయి పుచ్చుకోకూడదు. దస్తావేజు రాయించే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒకసారి చూపించండి.

రాత్రి ఎవరైనా మీ హాలులో చనిపోవచ్చు. భయపెట్టడానికి కాదు, తొమ్మిదేళ్లలో మాకు నాలుగుసార్లు జరిగింది. కదపకండి, ముందు స్టేషనుకు చెప్పండి. మీ పుస్తకంలో ఆ మనిషి పేరు, వచ్చిన వేళ, వేలిముద్ర ఉంటే సగం గండం గడిచినట్టే. దిక్కులేనివాళ్ల దహనానికి ఒడిశాలో హరిశ్చంద్ర సహాయత పథకం నుంచి కొంత డబ్బు వస్తుంది, మున్సిపాలిటీలో అడగండి.

వీధివాళ్ల మాట. 'రకరకాల మనుషులు' అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందులో కొంత దొంగతనాల భయం, అది న్యాయమే. దానికి తలుపు మూసే వేళ, పుస్తకం, కాపలా మనిషి జవాబు. మిగిలింది కులం, దానికి జవాబు చెబుతూ కూర్చోవద్దు. అయితే అదే ప్రశ్న మీ ఇంట్లోనూ అడగండి. ఆ మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు? మీరు ఉత్తరంలో అన్నీ రాశారు, ఇది రాయలేదు. 'మనిషిని పెడతాం' అని మాస్టారు అంటే, ఆ మనిషి రాని రోజున ఎవరు కడుగుతారని అడగండి. ఆయన 'నేనే' అన్న రోజున ఈ పని నడుస్తుందని నేను నమ్ముతాను. మొదటి నెల ఆదివారాలు ఆయనే కడగాలి. వీధి మొత్తం చూస్తుంది.

మీ భయం గురించి ఆయనకు ఎలా చెప్పాలన్నారు. భయమని చెప్పకండి. 'నాకు కొన్ని షరతులున్నాయి' అని చెప్పండి. హాలుకూ మండువాకూ మధ్య తలుపుకు మీ వైపు నుంచి గడియ ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక హాలు సంగతి కాపలా మనిషిది, అవసరమైతే మాస్టారిది, మీది కాదు. ఆడవాళ్లు వచ్చిన రాత్రి మాత్రం హాలును చెక్కతెరతో విడదీసి, ఆ వైపుకు దొడ్డి దారి ఇవ్వాలి, వాళ్లకు లోపలి గడియ ఉండాలి. ఏడాదిలో ఒక నెల మూసివేసి మీరిద్దరూ పిల్లల దగ్గరికి వెళ్లాలి, ఆ నెల వచ్చేవాళ్లను మున్సిపాలిటీ ఆశ్రయానికి పంపాలి. సేవ చేసేవాళ్లకు సెలవెక్కడిది అని ఆయన అంటారు. ముప్పై ఏళ్లు వేసవి సెలవులు అనుభవించిన మనిషి అనవలసిన మాట కాదది.

ఇక పెయింటరు. అడ్వాన్సు తిరిగి అడగకండి, ఇవ్వడు. బోర్డు పని ఆపించి, ఆయన చేత మూటల గూళ్ల మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేయించండి. చదువు రానివాళ్ల కోసం ప్రతి అంకె పక్కన ఒక బొమ్మ కూడా: చేప, గొడుగు, కుండ, ఏదైనా. రంగులు మాత్రం వేరువేరుగా ఉండాలి, రాత్రి చిన్న దీపానికి కనిపించాలి. ఒకటో నంబరు గూటి మీద ఏ బొమ్మ కావాలో అరుగు మీది ఆవిడను అడిగి వేయించండి.